అటక మీద తిరిగేది అపోసమా, మానుపిల్లా?

ప్రశ్న (దేవరకొండ దగ్గరి రైతు):
మా పెంకుటింటి అటక మీద నెల రోజులుగా రాత్రిపూట ఏదో జంతువు తిరుగుతోంది. మొన్న టార్చిలైటు వేసి చూస్తే సన్నటి మూతి, బూడిద రంగు ఒళ్లు, మూరెడు తోక కనిపించాయి. అమెరికాలో ఉన్న మా తమ్ముడు ఫొటో చూసి అపోసం అంటున్నాడు. నిజమేనా? కోళ్ల గురించి భయంగా ఉంది.

జవాబు:
అపోసం పిల్లలను పొట్టసంచిలో పెంచుకునే అమెరికా ఖండాల జంతువు, మన అడవుల్లో లేదు. మీ తమ్ముడు అక్కడ చూసేదానికి తోక దాదాపు బోడిగా ఉంటుంది, నోట్లో 50 పళ్లుంటాయి, బెదిరిస్తే చచ్చినట్టు పడిపోతుంది. మీరు చూసినదాని తోక నిండా వెంట్రుకలుంటే అది మానుపిల్లే, అంటే చెట్లెక్కే పునుగుపిల్లి జాతి జంతువు. అది ఈతపండ్లు మింగి గింజలను అలాగే విసర్జిస్తుంది, కాబట్టి దాని పెంటలో ఈతగింజలు ఉన్నాయేమో చూడండి.

మరో జవాబు:
గీత పని చేసేవారిని అడగండి, లొట్టిలో కల్లు తాగిపోయే ఈ దొంగ వారికి బాగా తెలుసు. ఎలుకలను తింటుంది కానీ, కోడిపిల్ల దొరికితే వదలదు కాబట్టి గూటికి సన్నకన్ను జాలీ బిగించండి. ఉచ్చు మాత్రం పెట్టకండి, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం.

ప్రశ్న అడిగినవారు:
పొద్దున నిచ్చెన వేసి చూశాను. దూలం మీద ఈతగింజలు, కడిగి ఆరబోసినంత శుభ్రంగా ఉన్నాయి.