అప్‌డేట్: పెదనాన్న జ్వరానికి పేరు దొరికింది

రెండు నెలలుగా సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు, నడుం నొప్పి. టైఫాయిడ్, మలేరియా పరీక్షల్లో ఏమీ లేదు, ఎక్కడ చూపించాలని పర్లాకిమిడి నుంచి అడిగాను కదా. అది బ్రూసెల్లోసిస్, పశువుల నుంచి వచ్చేది. పచ్చిపాలు తాగుతారా, మేకలు ఈనేటప్పుడు ఎవరు చూస్తారు అని బరంపురంలో డాక్టరుగారు అడిగేదాకా ఎవరికీ తట్టలేదు.

బాగా పనికొచ్చింది మీరు రాసి పెట్టమన్న కాగితం: తేదీ, రెండు పూటలా జ్వరం ఎంత, వేసిన మాత్ర పేరు. యాంటీబయాటిక్ ముందే పడితే బ్లడ్ కల్చర్‌లో (రక్తంలోని క్రిమిని ల్యాబులో పెంచి చూసే పరీక్ష) క్రిమి పెరగకపోవచ్చు, అందుకే ఆ పేరు కావాలి. రక్తం రెండు చేతుల నుంచీ విడివిడిగా తీయించండి. బ్రూసెల్లా (ఈ జబ్బు తెచ్చే క్రిమి) అనుమానమని ల్యాబుకి ముందే చెప్పాలి. అది నెమ్మదిగా పెరుగుతుంది, పైగా పరీక్షించేవాళ్లకే అంటుకోగలదు.

డాక్టరు రాసింది 6 వారాలకి: డాక్సీసైక్లిన్ 100 మి.గ్రా. రోజుకి రెండుసార్లు, దాంతోపాటు రిఫాంపిసిన్. జ్వరం తగ్గిందని మధ్యలో ఆపితే తిరగబెడుతుంది. డాక్సీసైక్లిన్ నిండు గ్లాసు నీళ్లతో వేసుకుని అరగంట పడుకోకూడదు. పాలతో, ఐరన్ మాత్రలతో కలపకూడదు. మూత్రం నారింజరంగులో వస్తే కంగారొద్దు, అది రిఫాంపిసిన్ పనే. ఇప్పుడు పాలు పొంగించాకే తాగుతున్నాం. పెద్దమ్మ మాత్రం ఇంకా మేకల్నే తిడుతోంది.