చర్చ: కార్ల కర్మాగారం కాలుష్యం లెక్క గేటు దగ్గర మొదలవ్వాలా, గని దగ్గర మొదలవ్వాలా?

నాగావళి ఒడ్డు, రాయగడ:

వాహన కర్మాగారాలు పర్యావరణానికి చేసే నష్టాన్ని తగ్గించుకుంటున్నామని చెప్పుకునేటప్పుడు సాధారణంగా పైకప్పుల మీద సౌరఫలకాలను, చుక్క నీరు బయటికి వదలని శుద్ధి కేంద్రాన్ని, నీటితో కలిపే రంగులను, ఆవరణలోని చెట్లను చూపిస్తాయి. ఇవి అక్కరలేని పనులని నేను అనడం లేదు. నా అభ్యంతరమల్లా ఆ లెక్క గేటు దగ్గర మొదలై గేటు దగ్గరే ముగిసిపోతున్నదని. లారీల మీద ఆ గేటులోకి వెళ్లే ఉక్కు, అల్యూమినియం ఏ కొండను తవ్వితే వచ్చాయో, ఎంత బొగ్గు కాలిస్తే తయారయ్యాయో అందులో కనిపించదు.

రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో ఉంటున్న తెలుగువాళ్లం ఈ మాట అనకపోతే ఇంకెవరు అంటారు? కారుకు కావలసిన లోహం మన కొండల నుంచే బయలుదేరుతోంది. పంచపట్‌మాలి కొండ మీది బాక్సైట్, అంటే అల్యూమినియం ఖనిజం, దమన్‌జోడిలో ప్రభుత్వ రంగ సంస్థ నాల్కోకు ఉన్న శుద్ధి కర్మాగారానికి చేరి అల్యూమినా అనే తెల్లటి పొడిగా మారుతుంది. కాశీపురం వైపు బాఫ్లిమాలి బాక్సైట్ దొరగుడలోని ఉత్కళ్ అల్యూమినాకు వెళుతుంది. ఒక టన్ను అల్యూమినియానికి సుమారు రెండు టన్నుల అల్యూమినా, దానికి నాలుగైదు టన్నుల బాక్సైట్ కావాలి. ఒక్కో టన్ను అల్యూమినాకు దాదాపు టన్ను నుంచి టన్నున్నర దాకా ఎర్రబురద మిగులుతుంది. కాస్టిక్ సోడా కలిసిన ఆ బురద ఇక్కడే, మన కొండల నడుమ చెరువుల్లో ఉండిపోతుంది. ఆ తెల్లటి పొడి మాత్రం రైలెక్కి వెళ్లిపోతుంది.

ఆ పొడిని లోహంగా మార్చడానికి టన్నుకు దాదాపు 14,000 యూనిట్ల కరెంటు కావాలి. నాల్కో ఆ పని చేసేది అంగుల్‌లో, సొంత బొగ్గు విద్యుత్ కేంద్రం పక్కన. మాచ్‌ఖండ్, ఎగువ కొలాబ్, బలిమెల జలవిద్యుత్ కేంద్రాలు మూడూ అవిభక్త కొరాపుట్ జిల్లాలో కట్టినవే. ఆ జలాశయాల కింద ఊళ్లు మునిగాయి, అయినా ఇక్కడి ఖనిజం బొగ్గు మంట మీదే లోహమవుతోంది. నీటి కరెంటుతో తీసిన అల్యూమినియంతో పోలిస్తే బొగ్గు కరెంటుతో తీసినదానికి బొగ్గుపులుసు వాయువు మూడు నాలుగు రెట్లు ఎక్కువ.

కాబట్టి లెక్క గని నుంచే మొదలవ్వాలని, వాహన సంస్థ ఆ లెక్కకు జవాబు చెప్పాలని నా వాదన. సభ్యులు ఏమంటారు?

పెయింట్ షాప్, పర్లాకిమిడి:

నాగావళి ఒడ్డు గారి ఆవేదన అర్థమైంది గాని, వారి వాదనతో నేను ఏకీభవించలేను. మాది పర్లాకిమిడి. చెన్నై శివారులోని ఒక కార్ల కర్మాగారంలో, కార్లకు రంగు వేసే విభాగమైన పెయింట్ షాప్‌లో ఇంజినీరుగా పనిచేస్తున్నాను. గేటు లోపలి పని తేలికైనదన్న అభిప్రాయం మీ రాతలో ధ్వనిస్తోంది. ఆ పని ఎలా ఉంటుందో కొంచెం వివరంగా చెప్పాలి.

కార్ల కర్మాగారం వాడే శక్తిలో దాదాపు సగం, కొన్నిచోట్ల అంతకన్నా ఎక్కువ, పెయింట్ షాప్ ఒక్కటే తీసుకుంటుంది. కారు బాడీని ముందు కడిగి, జింక్ ఫాస్ఫేట్ తొట్టిలో ముంచి, తరువాత విద్యుత్తుతో ప్రైమర్ పట్టించి, 170, 180 డిగ్రీల ఓవెన్‌లో కాలుస్తాము. ఫాస్ఫేట్ తొట్టిని 50 డిగ్రీల దగ్గర వేడిగా ఉంచాలి, దాని అడుగున జింక్, నికెల్, మాంగనీసు కలిసిన మడ్డి పేరుకుంటుంది. దాని బదులు జిర్కోనియం పూత వాడితే తొట్టిని వేడి చేసే పని ఉండదు, నికెల్ ఉండదు, మడ్డి బాగా తగ్గిపోతుంది. రంగు వేసే బూత్‌లో గాలిని ఏడాది పొడవునా దాదాపు ఒకే వేడిలో, ఒకే తేమలో నిలపాలి. చెన్నై ఎండల్లో అందుకు గాలిని చల్లబరిచే చిల్లర్లు ఎంత కరెంటు తాగుతాయో ఊహించండి. బాడీకి అంటని రంగును పట్టడానికి పాత బూత్‌లలో కింద నీటి తెర పారుతుంది, ఆ నీటి మీద తేలే జిగట రంగును తోడి పీపాలకెత్తుతారు. దాని వాసన ఒకసారి ముక్కుకు తగిలితే మరచిపోలేరు. కొత్త బూత్‌లలో నీటి బదులు సున్నపురాయి పొడితో ఆ రంగును పడతారు, గాలి పొడిగానే ఉంటుంది కనుక ఎక్కువ భాగాన్ని మళ్లీ బూత్‌లోకే తిప్పవచ్చు. కరెంటు, నీరు రెండూ మిగులుతాయి. మూడు పూతలను తడి మీద తడిగా వేసి ఒకేసారి కాల్చే పద్ధతిలో ఒక ఓవెన్ మొత్తం తప్పుతుంది.

వీటన్నిటికీ మీటర్లున్నాయి. నీరు ఎన్ని లీటర్లు, గ్యాస్ ఎంత, మడ్డి ఎన్ని కిలోలు అన్నది రోజూ రాస్తాము, కాలుష్య నియంత్రణ మండలి అధికారి వచ్చి సరిచూడగలరు. గని దాకా వెళ్లిన లెక్కలో సగం ఊహలే ఉంటాయి. ఎక్కడో నాలుగో అంచెలో ఉన్న సరఫరాదారు ఇచ్చిన అంకెను ఎవరు కొలుస్తారు? అందరి బాధ్యత అంటే చివరికి ఎవరి బాధ్యతా కాకుండా పోతుంది. ఎర్రబురదకు జవాబు చెప్పవలసింది శుద్ధి కర్మాగారం, దాన్ని నిలదీయవలసింది ఒడిశా కాలుష్య నియంత్రణ మండలి. కారు సంస్థను అడగడం వల్ల అసలు బాధ్యులు తప్పించుకుంటారని నా భయం.

వంశధార, గుణుపురం:

ఇంజినీరు గారూ, అసలు బాధ్యులను నిలదీసిన ఊళ్లు మా పక్కనే ఉన్నాయి. 2013లో సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం నియమగిరి మీద 12 గ్రామసభలు జరిగాయి, పన్నెండూ బాక్సైట్ తవ్వకాన్ని వద్దన్నాయి. అక్కడి డోంగ్రియా కోంధు ఆదివాసీ పెద్దలు న్యాయమూర్తి ముందు నిలబడి జవాబు చెప్పారు. లోహం కొనేవాళ్లకు మాత్రం ఇప్పటిదాకా ఎవరికీ జవాబు చెప్పవలసిన అవసరం రాలేదు. గిరాకీ ఒక కొండ దగ్గర ఆగితే ఇంకో కొండ ఎక్కుతుంది. వంశధార, నాగావళి ఈ కొండల్లో పుట్టి శ్రీకాకుళం చేరే నదులని మరవవద్దు.

బొగ్గుగని బిడ్డ, బల్లార్షా:

పర్లాకిమిడి ఇంజినీరు గారు పీపాలకెత్తిన రంగు మడ్డి గురించి రాశారు, ఆ పీపాలు తరువాత ఎక్కడికి పోతాయో రాయలేదు. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాల ప్రకారం అటువంటి మడ్డిని ఊరికే పాతిపెట్టడం కన్నా, సిమెంటు బట్టీలలో ఇంధనంతో కలిపి కాల్చడానికి ప్రాధాన్యం ఇస్తారు. సున్నపురాయి పొడి కూడా చివరికి చేరేది సిమెంటు బట్టీకే. బట్టీలో 1,400 డిగ్రీలకు పైగా వేడి ఉంటుంది కనుక రంగులోని రసాయనాలు కాలిపోతాయన్నది నిజమే, నేను కాదనను. కాని సిమెంటు బట్టీలు ఎక్కడున్నాయి? మా చంద్రపూర్ జిల్లాలో రాజురా, కోర్పనా తాలూకాల్లో వరుసగా ఉన్నాయి. పక్కనే బొగ్గు గనులు, 2,920 మెగావాట్ల థర్మల్ కేంద్రం. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సమగ్ర కాలుష్య సూచికను వెలువరించినప్పుడు చంద్రపూర్‌కు నూటికి 83.88 వచ్చింది, దేశంలోని అతి కలుషిత పారిశ్రామిక ప్రాంతాల్లో నాలుగో స్థానం.

అందువల్ల గేటు లెక్కకు నా అభ్యంతరం నాగావళి ఒడ్డు గారిది కాదు, ఇంకొకటి. గేటులోకి వచ్చేదానినే కాదు, గేటు దాటి వెళ్లేదానిని కూడా అది వదిలేస్తుంది. ‘పాతిపెట్టిన వ్యర్థం సున్నా’ అని కర్మాగారం ప్రకటించినప్పుడు, ఆ వ్యర్థం ఏ జిల్లాలో, ఏ బట్టీలో కాలిందో, ఆ పొగగొట్టం కొలతలు ఏమిటో పక్కనే ప్రకటించాలి. మా గాలి ఇప్పటికే నిండిపోయి ఉంది.

పాత లోహం, జయపురం:

మాది తరతరాలుగా పాత ఇనుము, అల్యూమినియం వ్యాపారం. ఇక్కడ ఎవరూ ఎత్తని విషయం ఒకటుంది. పాత అల్యూమినియాన్ని మళ్లీ కరిగించడానికి, ఖనిజం నుంచి తీయడానికి అయ్యే శక్తిలో దాదాపు 5 శాతం చాలు. ఎర్రబురద ఉండదు, కొండ తవ్వనక్కరలేదు. మరి కార్లన్నీ పాత లోహంతోనే ఎందుకు చేయరు?

మా దుకాణానికి పాత ఇంజిన్ వస్తే, కుర్రాళ్లు సమ్మెటతో పగలగొట్టి బోల్టులు, ఇనుప లైనర్లు చేత్తో ఏరి పక్కన పెడతారు. ఎంత ఏరినా కొంత ఇనుము మిగిలిపోతుంది, ఒకసారి కరిగితే దాన్ని మళ్లీ వేరు చేయడం దాదాపు అసాధ్యం. ఇంజిన్ బ్లాకు, గేర్‌బాక్సు తొడుగు వంటి పోత సామానుకు ఆ లోహం సరిపోతుంది. తలుపు, బానెట్ చేసే రేకుకు పనికిరాదు. ఇన్నాళ్లూ పాత అల్యూమినియం ఎక్కువగా ఇంజిన్ పోతల్లోకే వెళ్లేది. విద్యుత్ కారుకు ఇంజినే లేదు, దాని బ్యాటరీ పెట్టెకు మేలిరకం అల్యూమినియం కావాలి. అంటే పాతదానికి గిరాకీ తగ్గుతుంది, బాక్సైట్‌కు పెరుగుతుంది. కారు గీసే దశలోనే, విప్పదీసేటప్పుడు ఏ ముక్క ఏ మిశ్రమమో తెలిసేలా గుర్తు వేసి, బోల్టు సులభంగా ఊడేలా చేస్తే మా దగ్గర లోహం పాడవదు. ఆ పని చేయగలిగింది కారు సంస్థ ఒక్కటే, గని కాదు, కాలుష్య మండలి కాదు.

నాగావళి ఒడ్డు, రాయగడ:

జయపురం వారు నా వాదనకు నేను వెతుక్కోలేకపోయిన ఆధారం ఇచ్చారు. చట్టం కూడా ఇక్కడే కుంటుతోంది. 2025 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన కాలం తీరిన వాహనాల నియమాలు, తయారీదారు తిరిగి రాబట్టవలసిన లోహానికి మొదటి అయిదేళ్లకు 8 శాతం లక్ష్యం పెట్టాయి. అది ఉక్కుకు మాత్రమే. ఆ నియమాల్లో అల్యూమినియానికి అటువంటి లక్ష్యం లేదు. స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ పెద్ద సంస్థల చేత ఏటా రాయించే బాధ్యతా నివేదికలో సరఫరాదారుల వివరాలు ఇవ్వడం ఐచ్ఛికమే.

ఇంజినీరు గారు నాలుగో అంచె సరఫరాదారును ఎవరు కొలుస్తారని అడిగారు. కర్మాగారానికి వచ్చే ప్రతి ఉక్కు చుట్టతోనూ, అల్యూమినియం ఇంగాట్లతోనూ (దిమ్మలతోనూ) హీట్ నంబరు, అంటే ఏ విడత కరిగింపులో తీసిన లోహమో తెలిపే సంఖ్య, వేసిన పరీక్షా పత్రం వస్తుంది. లోహంలో ఏది ఎంత శాతమో అందులో రాసి ఉంటుంది, అది తేడా వస్తే సరుకు వెనక్కి పంపేస్తారు. ఆ కాగితం మీదే మరి మూడు వరుసలు రాయించాలి: ఏ కరెంటుతో తీశారు, పాత లోహం ఎంత, ఖనిజం ఏ గనిది. లోహం గుణం కోసం పాటించే ఆ పట్టుదల కొండ కోసం కూడా పాటించమని అడుగుతున్నాను. ఎర్రబురదను నిలదీయవలసింది ఒడిశా మండలే అన్న మాటతో నాకు పేచీ లేదు. మండలి నిలదీసినా కొనేవాడు ధర ఒక్కటే చూస్తే, బురదను జాగ్రత్తగా ఆరబెట్టి పేర్చే కర్మాగారానికీ, చెరువులోకి వదిలేసే కర్మాగారానికీ బేరంలో తేడా ఉండదు.

పెయింట్ షాప్, పర్లాకిమిడి:

పరీక్షా పత్రం సూచన ఆచరణలో పెట్టదగినదే. గేటు లెక్కను మాత్రం విడిగా, ముందుగా, మీటరు ఆధారంగా ఉంచాలన్న నా పట్టు వదలను. రెండూ కలిపి ఒకే అంకె చేస్తే, సరఫరాదారును మార్చి సంపాదించిన తగ్గుదల చాటున పెయింట్ షాప్ సోమరితనం దాక్కుంటుంది. బల్లార్షా వారు అడిగిన బట్టీ వివరాలు ప్రకటించడానికి సంస్థలకు ఏ అడ్డూ లేదు. వ్యర్థాన్ని పంపిన ప్రతి లారీకి మానిఫెస్టు అనే రవాణా పత్రం ఉంటుంది, గమ్యం అందులోనే ఉంటుంది.

పత్రం విషయంలో ఒక జాగ్రత్త అవసరం. దిగుమతి సరుకు తయారీలో వెలువడిన కార్బన్‌ను బట్టి ఐరోపా సమాఖ్య వేసే సరిహద్దు కార్బన్ పన్ను కోసం మన అల్యూమినియం సంస్థలు 2023 అక్టోబరు నుంచి లెక్కలు ఇస్తున్నాయి కనుక, అదే అంకెను ఇక్కడా రాసి ఊరుకునే అవకాశం ఉంది. 2026 జనవరిలో మొదలైన అసలు పన్ను దశలో అల్యూమినియానికి కర్మాగారంలో నేరుగా వెలువడే వాయువులనే లెక్కిస్తారు, కరెంటు కొన్నదైనా, సొంతమైనా దాని వెనకాల కాలిన బొగ్గును లెక్కించరు. ఎర్రబురద ఎటూ అందులో ఉండదు. మీరు రాయించమన్న మూడు వరుసల్లో కరెంటు వరుస తప్పనిసరి కావాలి, దాని పక్కన టన్నుకు మిగిలిన బురద ఎంతో నాలుగో వరుసగా చేర్చాలి.