నాన్నగారిని గుండె డాక్టరుకు చూపించమని చీటీ రాశారు, ఆయన రానంటున్నారు

ప్రశ్న (మారతహళ్లి, బెంగళూరు): హిందూపురం నుంచి నాన్నగారు మా దగ్గరికి వచ్చారు. 66 ఏళ్లు, బీపీ, షుగరు ఉన్నాయి. ఈమధ్య మెట్లెక్కితే ఛాతీ బిగబట్టినట్టుంటోందట, కూర్చుంటే తగ్గుతోందట. మా వీధి క్లినిక్‌లో ఈసీజీ తీసి, కార్డియాలజిస్టుకు చూపించమన్నారు. "ఈయనకు చేతకాక వదిలించుకుంటున్నాడు, అక్కడికెళితే స్టెంటు వేయనిదే పంపరు" అని నాన్నగారు భీష్మించుకు కూర్చున్నారు. గుండె జబ్బుతో ఇలా వెళ్లినవారు చెప్పండి.

జవాబు (జయనగర్, బైపాస్ అయినవాణ్ణి): అమ్మా, ముందు ఒక మాట. నొప్పి కొత్తగా మొదలైంది కనుక ఈ బేరాలన్నీ ఒకటి రెండు రోజుల్లో తేల్చుకోండి. కూర్చున్నాక కూడా తగ్గకపోయినా, చెమటలు పట్టినా చీటీ ఊసే వద్దు, వెంటనే 108కి ఫోను చేయండి.

"వదిలించుకుంటున్నాడు" అన్న మాట వార్డులో నా చుట్టూ చాలామంది అన్నదే. నిజానికి మాకు కష్టం వేసింది పంపినందుకు కాదు, ఎందుకు పంపుతున్నారో ఒక్క ముక్క చెప్పనందుకు. మీ చీటీలో ఏముందో చూడండి. "కార్డియాలజీ ఒపీనియన్" అని మాత్రమే ఉంటే మళ్లీ రాయించండి. నొప్పి ఎప్పటి నుంచి, ఎంత నడిస్తే వస్తోంది, ఏ మందు ఎంత మోతాదు, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్త పరీక్ష) ఎంత, అసలు ఏమి తేల్చమంటున్నారు, ఇవన్నీ ఉండాలి. షుగరున్న మనిషికి యాంజియోగ్రాం చేయాల్సి వస్తే ఆ రంగు మందు కిడ్నీలకు భారం, అందుకే క్రియాటినిన్ అడుగుతారు.

ఈసీజీ కాగితాన్ని ఈరోజే ఫోటో తీసి జిరాక్సు చేయించండి. అది వేడికి నల్లబడే రకం, కొన్నాళ్లకు గీతలు వెలిసిపోతాయి. భద్రమని లామినేషన్ చేయిస్తే మొత్తం నల్లగా మాడిపోతుంది!

జవాబు (వైట్‌ఫీల్డ్): స్టెంటు భయం ఉత్తదేమీ కాదు. అయితే 2017 ఫిబ్రవరిలో కేంద్రం మందు పూసిన స్టెంటుకు 29,600 రూపాయల గరిష్ఠ ధర పెట్టింది, ఆ తర్వాత అది మారుతూ వచ్చింది. గది, నాళాన్ని వెడల్పు చేసే బెలూను, డాక్టరు ఫీజు అందులో రావు, బిల్లు పెరిగేది అక్కడే. ఇంకొకటి. 5,179 మందితో జరిగిన ఇస్కీమియా (ISCHEMIA) అనే అధ్యయనం 2020లో అచ్చయింది. నిలకడగా ఉన్న రోగులకు మొదటే యాంజియోగ్రాం, స్టెంటు లేదా బైపాస్ దారి పట్టినంత మాత్రాన మరణాలు తగ్గలేదని తేలింది. గుండె ఎడమ ప్రధాన రక్తనాళంలో (లెఫ్ట్ మెయిన్) అడ్డంకి ఉన్నవారికి, గుండెపోటు అప్పుడే వచ్చినవారికి ఇది వర్తించదు. "మందులతో కొన్నాళ్లు చూడవచ్చా?" అని డాక్టరును నాన్నగారినే అడగమనండి. అడిగే హక్కు తనకుందని తెలిస్తే బయలుదేరతారు.

ప్రశ్న (మారతహళ్లి): చీటీ లేకుండా నేరుగా వెళ్లకూడదా?

జవాబు (రాజాజీనగర్): సొంత డబ్బయితే ప్రైవేటులో ఎవరూ అడ్డు చెప్పరు. ఈఎస్ఐ అయితే మాత్రం అత్యవసరం కానప్పుడు డిస్పెన్సరీ నుంచి మెట్టు మెట్టుగా రావాల్సిందే. హిందూపురం రేషన్ కార్డుతో ఆంధ్రా ప్రభుత్వ ఆరోగ్య పథకం వాడుకోవాలంటే, ఆ ఆసుపత్రికి వర్తిస్తుందో లేదో చేర్చక ముందే అడగండి.

జవాబు (జయనగర్): కార్డియాలజిస్టు దగ్గర నుంచి వచ్చేటప్పుడు అక్కడి కాగితం నకలు క్లినిక్ డాక్టరుకు ఇవ్వడం మరవకండమ్మా. ఒకే బీపీ మాత్రను ఇద్దరూ రెండు వేరు పేర్లతో రాస్తే, నాన్నగారు రెండూ వేసుకుంటారు.