అప్‌డేట్: మావాడి డీల్యాబ్ పరీక్ష అయిపోయింది

పోయిన నెల అడిగాను కదా, అమెరికన్ ఆర్మీలో చేరబోతున్న మా అక్క కొడుక్కి డీల్యాబ్ (కొత్త భాష ఎంత బాగా నేర్చుకోగలరో అంచనా వేసే అమెరికా సైన్యం పరీక్ష)లో ఇంట్లో మాట్లాడే తెలుగు పనికొస్తుందా అని. పరీక్ష అయింది, 113 వచ్చింది! అరబిక్, చైనీస్, కొరియన్ లాంటి నాలుగో కేటగిరీ, అంటే ఇంగ్లీషు వాళ్లకు నేర్చుకోవడం అన్నిటికంటే కష్టమైన భాషలకు 110 కావాలి. గట్టెక్కాడు.

తెలుగు నేరుగా అక్కర్లేదు. అందులో ఏ దేశపు భాషా ఉండదు. కల్పించిన భాష ఒకటి పెట్టి, దాని నియమాలు అప్పటికప్పుడు ఎంత పట్టుకుంటామో చూస్తారు. ఇప్పటికే వచ్చిన భాషలో ఎంత పట్టుందో కొలిచే పరీక్ష డీఎల్‌పీటీ, అది వేరు. నేనే రెండూ కలిపేశాను. "హెడ్‌ఫోన్స్ తీశాక కూడా ఆ శబ్దాలు వదల్లేదు పిన్నీ" అన్నాడు. మాటల చివర తోకలు తగిలించే నియమం వస్తే మాత్రం "ఇల్లు, ఇంటికి, ఇంట్లో లాగే కదా" అనుకున్నాడట.

వాడికి కొరియన్ కావాలట. ఏది ఇవ్వాలో ఆర్మీ అవసరమే తేలుస్తుంది. కొరియన్ వస్తే కాలిఫోర్నియాలోని మాంటరేలో సైన్యం భాషల బడిలో 64 వారాల కోర్సు. ముందు బేసిక్ ట్రైనింగ్ ఉందే అన్నా వినకుండా మా అక్క అప్పుడే కారప్పొడి కొట్టిస్తోంది.