స్మార్ట్‌వాచ్‌ని సబ్బుతో కడగొచ్చా, కూడదా?

ఈతగాడు: నా వాచ్ వెనక 5 ఏటీఎం అని ఉంది. దాన్ని పెట్టుకునే రోజూ ఈత కొడతాను. అలాంటిది కాస్త సబ్బు రాసి కుళాయి కింద కడిగితే ఏమవుతుంది? తడిగుడ్డతో తుడిస్తే చాలంటారు గానీ, చెమట జిడ్డు దానికి పోదు.

రిపేరు బల్ల: కడగండి, సబ్బు మాత్రం వద్దు. 5 ఏటీఎం అంటే 50 మీటర్ల లోతున ఉండే నీటి ఒత్తిడికి సమానమైన ఒత్తిడిని తట్టుకుంటుందని. ఆ లెక్క మామూలు నీళ్లకే, సబ్బు నీళ్లకు కాదు. సబ్బు నీటి తలతన్యతను, అంటే నీటి పైభాగంలో ఉండే బిగువును, తగ్గిస్తుంది కాబట్టి, ఉత్త నీళ్లు ఆగిపోయే సన్నని సందుల్లోకి కూడా అది దూరగలదు. పైగా నీళ్లు రాకుండా ఆపే లోపలి సీళ్లు, జిగురు వాడేకొద్దీ బలహీనపడతాయి. యాపిల్ కూడా తన వాచీలకు సబ్బు వాడొద్దనే చెబుతుంది.

నడక మనిషి: వాచ్ సంగతి సరేనండీ, మన చేతి సంగతో? పట్టీ కింద నాకు దద్దుర్లు వచ్చాయి. మురికి కన్నా సబ్బే నయం కదా?

రిపేరు బల్ల: పట్టీ కింద మిగిలిపోయిన సబ్బు వల్ల కూడా దద్దుర్లు వస్తాయండీ. సిలికాన్ పట్టీని విప్పి విడిగా కడిగి, పూర్తిగా ఆరాకే పెట్టుకోండి. కొన్నాళ్లు కాస్త వదులుగా కట్టుకుని చూడండి. తగ్గకపోతే వాచ్ తీసేసి డాక్టర్‌కి చూపించండి, దీన్ని నిర్లక్ష్యం చేయొద్దు. తోలు పట్టీని మాత్రం నీళ్లలో ముంచకండి.

ఈతగాడు: మరి శానిటైజర్?

గాజు తెర: జెల్ వద్దు. అందులో గ్లిజరిన్, సువాసన లాంటివి ఉంటాయి, జిగటగా మిగిలిపోతాయి. 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వైప్‌తో తెరనీ, గట్టి భాగాలనీ మెల్లగా తుడవొచ్చని యాపిలే చెబుతోంది. తోలుకీ, బట్ట పట్టీకీ అది వాడకూడదు.

రిపేరు బల్ల: ఒప్పుకుంటాను, కానీ రోజూ అక్కర్లేదు. తెర మీది జిడ్డంటని పూత అరిగిపోతుందని నా భయం. రోజువారీకి మెత్తని తడిగుడ్డ చాలు. వెనక సెన్సర్ గాజుని మాత్రం మరవకండి, అక్కడ జిడ్డు పేరుకుంటే గుండె వేగం తప్పుగా చూపించవచ్చు.

ఈతగాడు: సరే, వాచ్‌కి సబ్బు మానేస్తాను. స్పీకర్ రంధ్రాల్లో మట్టి ఇరుక్కుంటే సూదితో తీయొచ్చా?

రిపేరు బల్ల: అస్సలు వద్దండీ! లోపలి పలచటి పొర చిరిగితే ఇక నీళ్లు ఆగవు. ఆరిన మెత్తని బ్రష్‌తో పైపైన దులపండి. తడి పూర్తిగా పోయేదాకా ఛార్జింగ్ పెట్టకండి.