ఉప్పుగాలిలో గన్నేరు: ఆకుల అంచులు ఎందుకు మాడుతున్నాయి?

మేడమీది కుండీలు (తిరువాన్మియూరు, చెన్నై):

అందరికీ నమస్కారం. మేము సముద్రానికి సుమారు అర కిలోమీటరు దూరంలో, నాలుగంతస్తుల భవనంలో పై అంతస్తులో ఉంటున్నాము. మల్లె, గులాబీ, కనకాంబరం వరుసగా పెంచి చూశాము కానీ, మధ్యాహ్నం నుంచి వీచే సముద్రపు గాలికి ఒక్కటీ నిలవలేదు. ఈ తీరంలో ఏది బతకకపోయినా గన్నేరు బతుకుతుందని నర్సరీలో చెప్పగా, తెల్ల గన్నేరు ఒకటి, గులాబీ రంగు ముద్ద గన్నేరు ఒకటి తెచ్చి, పన్నెండు అంగుళాల కుండీలలో బాల్కనీలో పెట్టాము.

మొదటి ఏడాది రెండూ గుత్తులు గుత్తులుగా పూశాయి. ఈ వేసవిలో మాత్రం కింది ఆకుల కొసలు, అంచులు ఇస్త్రీపెట్టె తగిలిన గుడ్డలా గోధుమరంగుకు తిరిగాయి, మొగ్గలు తగ్గిపోయాయి, లేత చివుళ్ళ నిండా పసుపు రంగు పురుగులు చేరాయి. నీటికి లోటు చేయడం లేదు. 2019 వేసవిలో నగరానికి నీళ్ళిచ్చే చెరువులు ఎండిపోయి ట్యాంకరు కోసం బిందెలతో నిలబడిన రోజులు మరచిపోలేదు కనుక, వంటింట్లోని ఆర్.ఓ. యంత్రం వదిలే నీటిని బకెట్టులో పట్టి రోజూ వీటికే పోస్తున్నాము.

ఇంకొక సందేహం కూడా ఉన్నది. మా అత్తగారికి సోమవారం నాడు శివుడికి తెల్ల గన్నేరు పెట్టనిదే పూజ పూర్తయినట్టు ఉండదు. మా పాపకు రెండేళ్ళు, చేతికి అందినదల్లా నోట్లో పెట్టుకుంటున్నది. గన్నేరు విషమని అందరూ అంటారు. ఉంచుకోవచ్చునా, తీసివేయాలా?

పాత తీరవాసి (బెసెంట్ నగర్):

మీ ప్రశ్నలోనే జవాబు ఉన్నదండీ. ఆ బకెట్టును ఈ రోజే పక్కన పెట్టండి. బోరు నీటిలో ఉన్న లవణాలలో చాలా భాగాన్ని ఆర్.ఓ. యంత్రం విడదీసి ఆ వృథా నీటితోనే బయటికి పంపుతుంది. మన తీరప్రాంతంలో బోరు నీరే ఉప్పగా ఉంటుంది, దాన్ని మరికాస్త చిక్కబరిచి మీరు ఏడాదిగా కుండీలో పోస్తున్నారు. నేలలో నాటిన మొక్కయితే వానలకు ఆ ఉప్పు వేళ్ళను దాటి కిందికి దిగిపోయేది. కుండీలో నీరు ఆవిరైపోతుంది, ఉప్పు మిగిలిపోతుంది. మట్టి పైన, కుండీ అంచున తెల్లటి పొర ఏమైనా కట్టిందేమో వేలితో గీరి చూడండి.

గాలిలోని ఉప్పు వేరు, వేళ్ళ దగ్గరి ఉప్పు వేరు. మొదటిదాన్ని గన్నేరు చక్కగా తట్టుకుంటుంది. 2016 డిసెంబరు 12న వర్ధా తుఫాను వచ్చినప్పుడు మా వీధిలో పెద్ద పెద్ద చెట్లు కూలిపోయాయి, మా గేటు పక్కనున్న గన్నేరు మాత్రం కొమ్మలు విరిగినా ఫిబ్రవరికల్లా తిరిగి చిగిర్చింది. అయితే వేళ్ళ చుట్టూ పేరుకునే ఉప్పుకు దానికీ ఒక హద్దు ఉంటుంది. ఆ హద్దు దాటితే ముదురాకుల కొసలే ముందుగా మాడతాయి, మీరు చెబుతున్న లక్షణం అచ్చంగా అదే.

ఇప్పుడు చేయవలసిన పని ఉప్పును కడిగివేయడం. కుండీ అడుగు రంధ్రాలు మూసుకుపోలేదని చూసుకుని, పైనున్న తెల్లటి పొరను రెండు వేళ్ళ మందాన మట్టితో సహా తీసివేసి, కుండీలో పట్టే మట్టికి రెండింతలు మంచినీటిని ఒక్కసారిగా కాకుండా గంటన్నర సేపు కొద్దికొద్దిగా పోయండి. అంత మంచినీరు ఎక్కడిదని అడుగుతారేమో, ఏసీ గొట్టం నుంచి కారే నీటిని పట్టుకోండి. అది గాలిలోని తేమ చల్లబడి నీరైనదే కనుక అందులో ఉప్పు దాదాపు ఉండదు, వేసవిలో రోజుకు ఒకటి రెండు బకెట్లు నిండుతుంది. నేను నాలుగేళ్ళుగా మొక్కలకు అదే వాడుతున్నాను. కడగని కొబ్బరిపొట్టు కలిపిన మట్టిని కొన్నా ఇదే చిక్కు వస్తుంది, ఆ పొట్టు సొంతంగానే ఉప్పు మోసుకొస్తుంది.

పూలు తగ్గడానికి ఇరుకు కుండీ కూడా కారణం కావచ్చును. సంక్రాంతి వెళ్ళాక పద్దెనిమిది అంగుళాల కుండీకి మార్చి, కొమ్మలను మూడో వంతు వరకు కత్తిరించండి. గన్నేరు పూసేది కొత్త చివుళ్ళ కొసలనే కనుక, కత్తిరించడానికి జంకితే మొక్క ఎత్తు పెరుగుతుంది గానీ పూలు పెరగవు. రోజుకు ఆరు గంటల ఎండ తప్పనిసరి.

విశ్రాంత వృక్షశాస్త్ర అధ్యాపకుడు (మైలాపూరు):

పై సలహాతో ఏకీభవిస్తూ రెండు మాటలు చేరుస్తాను. గన్నేరు ఆకును తిరగేసి భూతద్దంతో చూస్తే అడుగున చిన్న చిన్న గుంటలు, వాటి నిండా సన్నని నూగు కనిపిస్తాయి. ఆకు ఊపిరి పీల్చే పత్రరంధ్రాలన్నీ ఆ గుంటల లోపల దాగి ఉంటాయి కనుక, ఎండగాలి ఎంత వీచినా తేమ త్వరగా ఎగిరిపోదు. పైభాగాన మందమైన మైనపు పొర ఉంటుంది. తరగతిలో ఎడారి మొక్కల లక్షణాలు చెప్పవలసి వచ్చినప్పుడల్లా నేను కళాశాల గేటు దగ్గరి గన్నేరు ఆకునే కోసుకుని వెళ్ళేవాడిని. వారానికొకసారి ఆకులపై మంచినీరు చల్లి దుమ్మునూ ఉప్పునూ కడిగితే చాలును.

ఆ పసుపు పురుగులు గన్నేరు పేనుబంక, కాళ్ళు నల్లగా ఉంటాయి. మగపురుగులతో పని లేకుండానే ఆడపురుగులు పిల్లలను పెడతాయి కనుక వారం రోజుల్లోనే కొమ్మ నిండిపోతుంది. యూరియా వంటి నత్రజని ఎరువు ఎక్కువైతే లేత చివుళ్ళతో పాటు ఇవీ ఎక్కువవుతాయి. పైపుతో నీటిని గట్టిగా కొట్టి రాల్చండి. తగ్గకపోతే లీటరు నీటికి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బునీరు కలిపి సాయంత్రం పిచికారీ చేయండి. ఆకు కింద వెండి, బంగారం పూత పూసినట్టు మెరుస్తూ వేలాడే చిన్న కాయ కనిపిస్తే మాత్రం దాన్ని ముట్టుకోకండి, అది ఒక గోధుమరంగు సీతాకోకచిలుక ప్యూపా. గన్నేరు ఆకు తిని పెరిగే అతి కొద్ది ప్రాణులలో అదొకటి.

ఇక విషం సంగతి. పెద్దలు భయపెట్టే గన్నేరుపప్పు పచ్చగన్నేరుది, మీ దగ్గర ఉన్నది వేరే మొక్క. అంతమాత్రాన మీది క్షేమమని అనుకోకండి. దీని ఆకు, పువ్వు, కొమ్మ, వేరు అన్నింటిలోనూ ఒలియాండ్రిన్ వంటి గుండె లయను చెడగొట్టే పదార్థాలు ఉంటాయి, ఆకు ఎండినా అవి పోవు. కత్తిరించేటప్పుడు చేతి తొడుగులు వేసుకోవాలి, కత్తెరను కడగాలి, కొమ్మలను కాల్చకూడదు, ఎందుకంటే ఆ పొగ కూడా హానికరమే. 2024 మే నెలలో కేరళలోని తిరువాంకూరు దేవస్వం బోర్డు నైవేద్యంలోనూ ప్రసాదంలోనూ ఈ పూల వాడకాన్ని నిలిపివేసింది. మీ అత్తగారు పువ్వును విగ్రహానికి పెట్టవచ్చును గానీ, తీర్థం గిన్నెలోనూ ప్రసాదం పళ్ళెంలోనూ వేయకూడదు. పాప ఆకు నమిలినట్టు అనుమానం వస్తే వాంతి చేయించే ప్రయత్నాలు మాని, ఆ కొమ్మతో సహా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

గేటుపక్క నూరువరహాలు (అడయారు):

పెద్దలు మన్నించాలి, నా అభిప్రాయం వేరు. రెండేళ్ళ పిల్ల తిరిగే బాల్కనీలో గన్నేరు ఎందుకు? తీరానికి అదొక్కటే దిక్కు కాదు. కాగితం పూల తీగ ఉప్పుగాలికి వెరవదు, పైగా నీరు తగ్గిస్తేనే బాగా పూస్తుంది, ముళ్ళు జాగ్రత్త. నూరువరహాలు కూడా మా ఇంట్లో నిలిచాయి. శివుడి పూజకు నందివర్ధనం పెట్టవచ్చు కదా అనబోయి ఆగాను, అది కూడా గన్నేరు కుటుంబంలోదే.

మేడమీది కుండీలు:

మీరందరూ ఇంత వివరంగా రాసినందుకు కృతజ్ఞతలు. మూడు వారాల తరువాత రాస్తున్నాను. నీటిలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరును పక్కింటివారిని అడిగి తెచ్చి చూస్తే బోరు నీరు 1,400, ఆర్.ఓ. వృథా నీరు 1,900, ఏసీ నీరు 30 చూపించాయి. పుణ్యానికి పోతే ఇంత పని చేశానా అనిపించింది. కుండీ అంచున తెల్లటి పొర నిజంగానే ఉన్నది, గోటితో గీరితే పిండిలా రాలింది. ఇప్పుడు ఆ ఆర్.ఓ. నీటితో మెట్లు కడుగుతున్నాము.

బాల్కనీలో కాగితం పూల తీగ పెట్టి, రెండు గన్నేరులనూ తలుపుకు తాళం ఉన్న మేడ మీదికి చేర్చాము. పిట్టగోడ దగ్గర ఎండ కూడా ఎక్కువే. ఎండిన కొమ్మలు రెండింటిని కత్తిరించగా, తెల్లదానికి ఆ కోత కిందే మూడు చివుళ్ళు ఒకే చోటి నుంచి వచ్చాయి. మాడిన ఆకులు మాత్రం అలాగే ఉన్నాయి, రాలేదాకా వదిలేస్తాను. తాళంచెవి అత్తగారి కొంగుకు ఉన్నది, సోమవారం పూలు ఆవిడే కోసుకుని, చేతులు సబ్బుతో కడుక్కున్నాకే పాపను ఎత్తుకుంటున్నారు.