మా జేజి సారా వ్యతిరేక ఉద్యమంలో ఉంది. ఆమె గురించి ఎట్లా రాయాలి?

కలిగిరి మనవరాలు

అందరికీ నమస్కారం. నేను ఒంగోలులో ఉంటాను, హైస్కూల్లో సోషల్ చెబుతాను. మా సొంతూరు నెల్లూరు జిల్లా కలిగిరి దగ్గర. సారా వ్యతిరేక ఉద్యమం మొదలైన దూబగుంట మాకు దూరమేమీ కాదు.

సంక్రాంతికి ఊరికి పోయినప్పుడు అటక మీద ట్రంకు పెట్టె దించాం. మా జేజి పాత చీరల అడుగున ఒక వాచకం దొరికింది. 1991లో నెల్లూరు జిల్లాలో మొదలైన అక్షరాస్యత ఉద్యమంలో రాత్రి బళ్లలో ఇచ్చిన పుస్తకం అది. అట్ట ఊడిపోయింది. ‘ఆడవాళ్లు ఏకమైతే’ అనే పాఠం ఉన్న పేజీ మాత్రం బాగా నలిగి, అంచులు నూనె చేతులు పడి పచ్చబడి ఉంది. పక్కన ఖాళీ జాగాలో పెన్సిల్‌తో ఒకే పేరు పదిహేడుసార్లు రాసి ఉంది. మొదటి మూడు నాలుగింటిలో అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడిపోయాయి, చివరికొచ్చేసరికి తలకట్లు కూడా కుదిరాయి. ఆ పేరు మా జేజిది కాదు. పక్కింటివాళ్ల పుస్తకం ఏదో ఇందులో కలిసిపోయి ఉంటుందిలే అనుకున్నాను.

1992లో నాకు ఏడేళ్లు. ఒక రాత్రి వీధి మొదట్లో కేకలు వినిపించి లేచాను. జేజి చేతిలో చీపురు, కొంగున కారప్పొడి మూట. సారా పాకెట్లు తెచ్చే జీపును ఊరి బయట వంక దగ్గరే ఆడవాళ్లు అటకాయించారు. పాకెట్లు పళ్లతో కొరికి నేల మీద పిండేశారు. చాలా రోజులు ఆ దారిలో నడిస్తే ముక్కు మూసుకోవాల్సి వచ్చేది. పొగాకు గ్రేడింగుకు పోయి జేజి తెచ్చిన కూలి డబ్బులు అప్పటిదాకా ఆ పాకెట్లకే పోయేవి. మా తాత తాగేవాడు.

ఆ రాత్రి ఇంటికొచ్చాక తాత జేజిని కొట్టాడు. నేను నులకమంచం కింద దాక్కుని చూశాను. పొద్దున్నే జేజి ముఖం కడుక్కుని, అన్నం వండి పెట్టి, మళ్లీ ఆడవాళ్లతో పోయింది.

జేజికి ఇప్పుడు ఎనభై నాలుగేళ్లు. ఆమె గురించి రాయాలని నాకు చాలా గట్టిగా ఉంది. కానీ అడిగితే, “ఏందిమే నేను జేసింది? నలుగురూ పోతంటే నేనూ పోయినా” అంటుంది, అంతే. మా నాయనకు నేను రాయడం ఇష్టం లేదు. “తాత పోయి ఇరవై ఆరేళ్లయింది, ఇప్పుడు ఆయన్ని బజారులో నిలబెడతావా?” అన్నాడు. ఆయన బాధ నాకు అర్థమవుతుంది. ఫోటో లేదు, కాగితం లేదు, ఉన్నది ఈ నలిగిన పుస్తకం ఒక్కటే.

ఇట్లాంటి పని ఎవరైనా చేసి ఉంటే ఎక్కడ మొదలుపెట్టారో చెప్పండి. తాత సంగతి రాయాలా, వదిలేయాలా? నాకు నిద్ర పట్టడం లేదు.

పెన్నా ఒడ్డు

అమ్మా, నేను నెల్లూరులో తెలుగు లెక్చరర్‌గా చేసి రిటైరయ్యాను. ముందు ఒక మాట. “నలుగురూ పోతంటే నేనూ పోయినా” అన్న వాక్యాన్ని దయచేసి దిద్దకండి. ఆ ఉద్యమం ఎట్లా నడిచిందో ఆ ఒక్క వాక్యంలో ఉంది.

పొణకా కనకమ్మ గారి పేరు మీరు వినే ఉంటారు. 1892లో పుట్టారు. తొమ్మిదేళ్లు రాకముందే పెళ్లి, బడి చదువు లేదు. ఇంట్లోనే కూర్చుని చదువు నేర్చుకున్నారు. పల్లిపాడులో పెన్నా ఒడ్డున ఆశ్రమం ఉంది కదా, 1921 ఏప్రిల్‌లో గాంధీ గారు వచ్చి ప్రారంభించింది, ఆ నేల ఆమె కొన్నదే. 1923లో ఆడపిల్లల కోసం కస్తూరిదేవి విద్యాలయం పెట్టారు. ఉప్పు సత్యాగ్రహ కాలంలో జైలుకు పోయారు. ఇన్ని చేసిన మనిషి 1963లో పోతే, ఆమె స్వయంగా రాసి పెట్టుకున్న జీవితకథ పుస్తకంగా మన చేతికి రావడానికి దాదాపు అర్ధ శతాబ్దం పట్టింది. నేను నెల్లూరులోనే పుట్టి పెరిగాను. మా చెల్లెళ్లు ఆ బళ్లోనే చదివారు. అయినా ఆ బడి పెట్టిన మనిషి ఏం పడి పెట్టిందో నాకు అరవై దాటాక గానీ తెలియలేదు. దీనికి నేను ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

రాసుకున్న కనకమ్మ గారికే అంత ఆలస్యమైతే, సంతకం మాత్రమే నేర్చుకున్న మీ జేజి కథ ఎవరు దాచిపెడతారు? మీరే రాయాలి. ఈ ఏడాదే రాయాలి.

ఇంకో మాట చెప్పి ఆపుతాను. మన తెలుగులో ఆడవాళ్ల చరిత్రలు వెతికి రాయడం భండారు అచ్చమాంబ గారు 1901లోనే మొదలుపెట్టారు, ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ పేరుతో. ఆమె కూడా బడికి పోలేదు, తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటుంటే పక్కన కూర్చుని నేర్చుకున్నారు. బిడ్డల్ని పోగొట్టుకున్న దుఃఖంలో ఉండి కూడా ఊళ్లు తిరిగారు, స్త్రీ సమాజాలు పెట్టించారు. 1905లో, ముప్పై దాటీ దాటకముందే పోయారు. తలపెట్టిన భాగాలు పూర్తి కాలేదు. ఆమె రాసినవి ఎక్కువగా రాణుల కథలు, పండితురాళ్ల కథలు. ఆ రోజుల్లో కాగితం మీద దొరికినవి అవే మరి. మీ దగ్గర కాగితం లేదు కానీ మనిషి బతికి ఉంది. అచ్చమాంబ గారికి లేని అదృష్టం అది.

లాంతరు

అమ్మా, ఆ అక్షరాస్యత ఉద్యమంలో నేను వాలంటీర్‌ని. అప్పుడు డిగ్రీ ఫెయిలై కొండాపురం మండలంలో ఇంట్లో ఖాళీగా ఉన్నాను. మీ పోస్టు చదివి చాలాసేపు ఊరికే కూర్చుండిపోయాను. ఆ పేజీ అంచులు ఎట్లా నలుగుతాయో నాకు తెలుసు.

క్లాసు రాత్రి ఎనిమిదిన్నరకు. అంతకుముందు పెడితే ఒక్కరూ రారు, పొలం నుంచి వచ్చి వండి పెట్టి రావాలి కదా. కిరసనాయిలు లాంతరు చుట్టూ కూర్చునేవాళ్లు, ఒళ్లో పిల్లలు. ముందు పాఠాలు రోజుకొకటి సాగిపోయేవి. ‘ఆడవాళ్లు ఏకమైతే’ దగ్గర మాత్రం ఆగిపోయాం. దూబగుంట ఆడవాళ్లు సారా అంగడి మూయించిన సంగతే అందులో పాఠం. రెండు పంక్తులు చదవగానే ఒకామె “మనూరి కత గదా ఇది” అంది. ఇంక పుస్తకం పక్కన పెట్టేశారు. ఆ పాఠం మా ఊళ్లో పూర్తి కావడానికి నాలుగు రాత్రులు పట్టింది. ఐదో రోజు పొద్దున సారా అంగడికి పోయారు.

ఎట్లా అడగాలో చెబుతాను. “ఉద్యమం గురించి చెప్పు జేజీ” అంటే ఆమె చెప్పదు, ఆమె లెక్కలో అది ఉద్యమం కాదు. ఆ రోజు ఏం వండావు, నువ్వు పోతే పిల్లల్ని ఎవరు చూశారు, కారం ఎవరింట్లో దంచారు, ముందు కేక ఎవరు వేశారు, జీపు డ్రైవరు ఏమన్నాడు, ఇట్లా అడగండి. ఆమె ఈడు ఆడవాళ్లు ఊళ్లో ఇంకొకరిద్దరు ఉంటే వాళ్లను కూడా తీసుకొచ్చి కూర్చోబెట్టండి. ఒకరు మరిచిపోయింది ఇంకొకరు అందుకుంటారు. మధ్యలో దిద్దుకుంటారు, పోట్లాడుకుంటారు, అది కూడా రాసుకోండి. ఫోన్‌లో రికార్డు చేసేముందు చెప్పి చేయండి.

సంవత్సరాలు అడక్కండి, టెన్షన్ పడతారు. “సారా బంద్ అయినప్పటికి నీ చిన్న కొడుక్కి పెళ్లయిందా?” అని అడగండి. రాష్ట్రమంతా సారా నిషేధం 1993 అక్టోబర్ 1న వచ్చింది. మద్యనిషేధం మీద ముఖ్యమంత్రి ఎన్టీ రామారావు సంతకం అని అందరూ చెప్పుకునేది 1994 డిసెంబర్‌లో, సంపూర్ణ మద్యనిషేధం అమలైంది 1995 జనవరి 16 నుంచి. 1997లో దాన్ని సడలించారు. ఈ నాలుగూ గుంజల్లాగా పాతుకుని, ఆమె చెప్పినవి వాటికి కట్టుకుంటూ పోండి.

దూబగుంటలో ముందు నిలబడ్డ రోశమ్మ గారి పేరు నిలిచింది. ఇంటిపేరు వర్ధినేని, కానీ అందరికీ దూబగుంట రోశమ్మే. ఆమె 2016లో పోయారు. ఆమె పక్కన నిలబడినవాళ్ల పేర్లు దూబగుంట దాటితే ఎవరైనా చెప్పగలరా? మా రాత్రి బడిలో ఇరవై ముగ్గురు ఉండేవాళ్లు. ఆ హాజరు పట్టీ నేను దాచలేదు. ఇల్లు మారినప్పుడు పాత పేపర్లతో పాటు అమ్మేశాను. ఇప్పుడు కూర్చుని గుర్తు చేసుకుంటే పద్నాలుగు పేర్లే వస్తున్నాయి.

సాగర్ కట్ట

మీ ఆవేదన నిజమే మేడమ్. కానీ చరిత్రకు ఆధారం కావాలి కదా. ఏడేళ్ల పిల్ల జ్ఞాపకం, ఎనభై నాలుగేళ్ల పెద్దామె జ్ఞాపకం. ఇవి కథగా బాగుంటాయి, చరిత్ర అనగలమా?

పెన్నా ఒడ్డు

బాబూ, సరైన ప్రశ్నే. అందుకే ఇద్దరు ముగ్గుర్ని అడగమంటున్నారు పైన. ఆ రోజుల దినపత్రికల జిల్లా పేజీలు నెల్లూరులో, హైదరాబాదులో లైబ్రరీల్లో దొరికినంతవరకు చూడవచ్చు. సారా వేలంపాటలు ఆడవాళ్ల అడ్డగింతతో వాయిదాల మీద వాయిదాలు పడ్డ వార్తలుంటాయి. అయితే వాటిలో కాంట్రాక్టర్ల పేర్లు, అధికారుల పేర్లు ఉంటాయి, ఇటువైపు “మహిళలు” అని ఒక్క మాట ఉంటుంది. ఆ మాట వెనకున్న పేర్లు మనుషుల్ని అడిగితేనే తెలుస్తాయి.

కందుకూరు కోడలు

అక్కా, నేను ఒంగోలులో పుట్టి కందుకూరుకు కోడలిగా వచ్చాను. చిన్నప్పుడు మా అమ్మ జనవరి ఒకటిన చీకటితోనే లేపి మమ్మల్ని ప్రార్థన కొండకు తీసుకుపోయేది. 1854 జనవరి 1న ఆ కొండ మీద ఐదుగురు మోకరించి ప్రార్థన చేశారని మాకు చెప్పేవాళ్లు. అమెరికా నుంచి వచ్చిన మిషనరీ జ్యూయెట్ దొర, దొరసాని, నర్సు అనే ఆయన, జూలియా, రూతు. జ్యూయెట్ దొర గురించి చాలా చదివాను. జూలియా, రూతు మన తెలుగు ఆడవాళ్లు, నెల్లూరు నుంచి నడకనో బండి మీదో అంత దూరం వచ్చారు. వాళ్లు ఏ ఇంటి పిల్లలు, ఆ పేర్లు పెట్టకముందు వాళ్లమ్మ వాళ్లను ఏమని పిలిచింది? కొండెక్కిన ప్రతిసారీ మా అమ్మను ఇదే అడిగేదాన్ని.

అందుకే మీ పోస్టులో నా కన్ను ఆ పదిహేడుసార్లు రాసిన పేరు మీదే పడింది. పక్కింటామె తన పేరు మీ జేజి పుస్తకంలో ఎందుకు రాసుకుంటుంది? దాన్ని చీరల అడుగున ముప్పై ఏళ్లు ఎవరు దాచుకుంటారు? ముందు ఆ పేరు ఎవరిదో జేజిని అడగండి.

మన ఆడవాళ్ల పేర్లు ఎంత తేలిగ్గా పోతాయంటే, దేశంలో 1951–52 మొదటి సాధారణ ఎన్నికలప్పుడు దాదాపు 28 లక్షల మంది ఆడవాళ్లను ఓటర్ల జాబితా నుంచి తీసేశారు. ఎక్కువమంది ఉత్తరాదివాళ్లు. ఫలానా వాడి భార్యను, ఫలానా వాడి తల్లిని అన్నారు గానీ సొంత పేరు చెప్పలేదు, అందుకు.

మీ తాత గారి విషయం పైవాళ్లెవరూ ఎత్తలేదు, నా అభిప్రాయం చెబుతాను. ఆ దెబ్బ తిన్నది జేజి. రాయాలా వద్దా అన్నది మీ నాయనా చెప్పకూడదు, మీరూ చెప్పకూడదు, ఆమే చెప్పాలి. రాసింది ఆమెకు చదివి వినిపించండి. వద్దంటే ఆ పేజీ తీసి ట్రంకు పెట్టెలోనే పెట్టండి.

ఇంకొకటి, జిల్లా కాగితాలు వెతికేటప్పుడు గుర్తుంచుకోండి. కందుకూరు, కనిగిరి వైపు ఊళ్లు 1970 దాకా నెల్లూరు జిల్లా. తర్వాత ప్రకాశం. 2022లో కందుకూరు మళ్లీ నెల్లూరులోకి పోయింది. జేజి పుట్టిల్లు ఇటువైపైతే పాత కాగితాలు ఒకచోట దొరక్కపోతే రెండోచోట వెతకాలి.

కలిగిరి మనవరాలు

మూడు వారాల తర్వాత రాస్తున్నాను. మీ అందరికీ చేతులెత్తి నమస్కారం.

రెండో శనివారం ఊరికి పోయాను. జేజి ఈడు ఆవిడ ఒకరు మా వీధిలోనే ఉన్నారు, ఆమెను కూడా పిలిచాను. ఇద్దరికీ చింతపండు ముందు పోశాను, గింజలు తీస్తూ కూర్చున్నారు. ఆ రోజు ఏం వండావు అని అడిగాను. “సంగటి, పచ్చిపులుసు” అంది వెంటనే. ఇంక ఆపలేదు. కారం దంచింది మా ఇంట్లో కాదట, ఎదురింటి వాళ్ల రోట్లో. మొదటి కేక వేసింది మా జేజి కూడా కాదు, ఈ రెండో ఆవిడ. ఇన్నాళ్లూ నేను జేజి ఒక్కతినే ఊహించుకుంటూ వచ్చాను. వాళ్లిద్దరూ కలిసి పదకొండు మంది పేర్లు చెప్పారు, అందులో ఏడుగురు ఇప్పుడు లేరు. అందరి పేర్లూ రాసుకున్నాను.

తర్వాత పుస్తకం తెచ్చి ఆ పేరు చూపించాను. జేజి కళ్లకు దగ్గరగా పెట్టుకుని వేలితో ఒక్కొక్క అక్షరం తడిమింది. అది తన పేరే. పుట్టింట్లో పెట్టిన పేరు. ఈ ఇంటికి వచ్చేసరికి అత్తకూ అదే పేరట. కోడల్ని ఆ పేరుతో కేక వేస్తే అత్తను వేసినట్టుంటుందని పెళ్లిలోనే మార్చేశారు. రేషన్ కార్డులో, పింఛన్ పుస్తకంలో, మా నాయన టీసీలో ఉన్నదంతా ఆ మార్చిన పేరు. రాత్రి బడిలో పంతులమ్మ “నీ పేరు రాయి” అంటే ఈ పాతది రాసిందట. “ఎవురూ అడగలా. నాదిగదా అని రాసుకున్నా” అంది.

మా నాయన గడప మీద కూర్చుని వింటున్నాడు. వాళ్లమ్మ పేరు అదని ఆయనకు డెబ్బై దగ్గరపడ్డాక తెలిసింది.

తాత సంగతి అడిగాను. జేజి చాలాసేపు గింజలు తీస్తూ ఉండిపోయింది. “కొట్టినాడని రాయి. సారా బందయినాంక మానుకున్నాడని గూడా రాయి. రెండూ రాయి” అంది. నాయన ఏమీ అనలేదు, లేచి లోపలికి పోయి ఆమెకు మంచినీళ్లు తెచ్చిచ్చాడు.

నేను రాసేదాని మీద ఏ పేరు వేయాలో అడిగాను. చెప్పింది. ఇక్కడ రాయను, మొదట ఆమెకు చదివి వినిపించాలి. లాంతరు గారూ, మీకు గుర్తున్న ఆ పద్నాలుగు పేర్లు దయచేసి కాగితం మీద పెట్టండి. మిగతా తొమ్మిదీ మీ ఊళ్లో ఎవరినైనా అడుగుదాం, వచ్చే శనివారం నేను కొండాపురం రాగలను.